స్ట్రీమర్ నుంచి డాక్‌కు ఏ దారి మేలు: యూఎస్‌బీ, కోయాక్సియల్, ఆప్టికల్, ఐ2ఎస్

పెన్నాతీరం (నెల్లూరు) రాశారు:

అందరికీ నమస్కారం. ఈ వేదికను ఏడాదిగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. ప్రశ్న కొంచెం పొడవైనది, మన్నించాలి.

ఉద్యోగ విరమణ తరువాత మాగుంట లేఅవుట్‌లోని మా ఇంట్లో ముందు గదిని పాటలు వినడానికి సర్దుకున్నాను. పాత ఇంటిగ్రేటెడ్ ఆంప్లిఫయర్, రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు ముందు నుంచీ ఉన్నాయి. దసరాకు ఇంటర్నెట్ నుంచీ ఫైళ్ల నుంచీ పాటలను అంకెలుగా అందించే ఒక స్ట్రీమర్‌ను, ఆ అంకెలను ఆంప్లిఫయర్‌కు పనికివచ్చే అనలాగ్ సంకేతంగా మార్చే ఒక డాక్‌ను కొన్నాను. స్ట్రీమర్ వెనుక యూఎస్‌బీ, కోయాక్సియల్, ఆప్టికల్ అని మూడు డిజిటల్ అవుట్‌పుట్లు ఉన్నాయి. డాక్ వెనుక ఆ మూడూ ఒక్కొక్కటి చొప్పున ఉండగా, హెచ్‌డీఎంఐ ఆకారంలో ఐ2ఎస్ అని మరొకటి కూడా ఉంది.

ఒక్కొక్క దారిని ఒక్కొక్క వారం వాడి చూశాను. యూఎస్‌బీలో పాట ఆపినప్పుడు స్పీకర్ దగ్గర చెవి పెడితే సన్నని కీచుధ్వనీ, దాని కింద జుమ్మనే హమ్మూ వినిపిస్తున్నాయి. స్ట్రీమర్ తెర మీద బొమ్మ మారినప్పుడల్లా ఆ కీచు కూడా మారుతోంది. కోయాక్సియల్‌లో కీచు తగ్గింది గానీ, ఫ్రిజ్ మోటారు ఆన్ అయినప్పుడల్లా పాట అర సెకను తెగిపోతోంది. ఆప్టికల్‌లో కీచు పూర్తిగా పోయింది, హమ్ కొద్దిగా మిగిలింది, పైగా 192 కిలోహెర్ట్జ్ (సెకనుకు 1,92,000 ధ్వని నమూనాల) ఫైళ్లు పెడితే టప్పు టప్పుమంటూ మధ్యమధ్య ఆగిపోతున్నాయి.

నేను వినేవి ఎక్కువగా ఘంటసాల, బాలు పాటలు, కర్ణాటక కచేరీల రికార్డింగులు. అంకెలు వెళ్ళేది ఏ తీగలో అయినా అంకెలే కదా, మరి మూడు తీగలలో మూడు రకాల జబ్బులు ఎందుకు వస్తున్నాయో తెలిసినవారు చెప్పగలరా?

ఒంగోలు శ్రోత (ఒంగోలు) రాశారు:

పెన్నాతీరం గారూ, మీరు లక్షణాలను ఇంత వివరంగా రాశారు కాబట్టి సగం పని అయిపోయినట్లే. అంకెలు అంకెలే అన్న మాట నిజం; ఈ మూడు దారులలో దేనిలోనైనా, తీగ బాగున్నంత వరకు, స్ట్రీమర్ పంపిన ప్రతి బిట్టూ డాక్‌కు మారకుండానే చేరుతుంది. కానీ తీగలో అంకెలతో పాటు మరి రెండు కూడా ప్రయాణిస్తాయి. ఒకటి కాలం, రెండవది ఎర్తు. మీ జబ్బులన్నీ ఈ రెండింటిలో ఏదో ఒకదానికి చెందినవే.

ముందు కాలం సంగతి. సీడీ నాణ్యత పాటకు సెకనుకు 44,100 నమూనాలు ఉంటాయి, అవి సమానమైన ఎడంతో అనలాగ్‌గా మారాలి. ఆ ఎడం కొలిచే గడియారం ఎవరి దగ్గర ఉందన్నదే అసలు తేడా. కోయాక్సియల్, ఆప్టికల్ రెండూ సోనీ, ఫిలిప్స్ కలిసి తెచ్చిన ఎస్‌పీడీఐఎఫ్ పద్ధతినే వాడతాయి. ఇందులో ధ్వని సమాచారం, గడియారం రెండూ ఒకే ధారలో కలిసి వస్తాయి. ఎడమ, కుడి నమూనాలు చెరి 32 బిట్ల గదిలో కూర్చుంటాయి కాబట్టి 44.1 కిలోహెర్ట్జ్ పాటకు తీగలో సెకనుకు దాదాపు 28 లక్షల బిట్లు, 192 కిలోహెర్ట్జ్‌కు దాదాపు 1 కోటి 23 లక్షల బిట్లు పారుతాయి. డాక్ లోపలి రిసీవర్ ఆ ధారను చూసి గడియారాన్ని మళ్ళీ కట్టుకోవాలి. ఇక్కడ అధికారం స్ట్రీమర్‌ది, అనుసరణ డాక్‌ది.

ఇప్పటి యూఎస్‌బీ డాక్‌లలో దాదాపు అన్నీ అసింక్రనస్ పద్ధతిలో పనిచేస్తాయి. అందులో గడియారం డాక్ లోపల, మార్పిడి జరిగే చిప్ పక్కనే ఉంటుంది. మన కాలువల భాషలో చెప్పాలంటే, ఎస్‌పీడీఐఎఫ్‌లో లస్కరు తనకు తోచిన వేళకు తూము ఎత్తుతాడు, రైతు ఆ పారకాన్ని బట్టి మడి సర్దుకుంటాడు. అసింక్రనస్ యూఎస్‌బీలో రైతు మడి గట్టున నిలబడి "కొంచెం ఎత్తు, కొంచెం దించు" అని కబురు పంపుతుంటాడు, మడిలో మట్టం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ఆ మడినే ఇంజినీర్లు బఫర్ అంటారు. సూత్రం దృష్ట్యా రెండవ పద్ధతే మెరుగైనది.

అయితే యూఎస్‌బీ తీగలో నాలుగు వైర్లు ఉంటాయి: రెండు డేటాకు, ఒకటి 5 వోల్టులకు, ఒకటి గ్రౌండ్‌కు. స్ట్రీమర్ లోపలి ప్రాసెసర్, తెర, వైఫై చేసే విద్యుత్ గోల అంతా ఆ గ్రౌండ్ మీదుగా డాక్ లోపలికి నడిచి వస్తుంది. తెర మీద బొమ్మ మారినప్పుడు కీచు మారుతోందన్నారు చూడండి, అది జిట్టర్ (నమూనాల మధ్య ఎడం ఊగడం) కాదు, అచ్చంగా గ్రౌండ్ గోల. జిట్టర్ ఉంటే పాట నడుస్తున్నప్పుడు స్వరాల చుట్టూ చేరుతుంది గానీ నిశ్శబ్దంలో కీచుమనదు.

కావలి కుర్రాడు (కావలి) రాశారు:

నా అభిప్రాయం సూటిగా యూఎస్‌బీకే. 24 బిట్ 192 కిలోహెర్ట్జ్ స్టీరియోకు కావలసింది సెకనుకు 9.2 మెగాబిట్లు, యూఎస్‌బీ 2.0 హైస్పీడ్ దారి 480 మెగాబిట్లది. ఒక్కొక్క బిట్టుగా అతి వేగంగా రికార్డు చేసే డీఎస్‌డీ అనే మరో పద్ధతి కూడా దీనిలోనే సుఖంగా పోతుంది. పీసీఎం (మామూలు నమూనాల పద్ధతి) ముసుగులో డీఎస్‌డీ64 పంపాలంటే 176.4 కిలోహెర్ట్జ్ దారి కావాలి, డీఎస్‌డీ128కు 352.8 కావాలి, ఎస్‌పీడీఐఎఫ్ పరికరాలు మామూలుగా 192 దగ్గరే ఆగిపోతాయి. ఘంటసాల పాటలకు ఇవేవీ అక్కరలేదని ఒప్పుకుంటాను.

కొత్తపట్నం గాలి (కొత్తపట్నం) రాశారు:

కోయాక్సియల్ తెగిపోవడం గురించి నాది చిన్న అనుభవం. ఎస్‌పీడీఐఎఫ్ కోయాక్సియల్‌కు కావలసింది 75 ఓముల తీగ. చూడడానికి మామూలు ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ ఆడియో తీగ కూడా అందులో దూరుతుంది కాబట్టి చాలామంది అదే పెట్టేస్తారు. పెన్నాతీరం గారు ఏం పెట్టారో చెప్పలేదు. సంకేతం స్థాయి అర వోల్టు మాత్రమే; తీగ ఓములు కుదరకపోతే సంకేతం అంచులు వెనక్కి తిరిగి కొట్టి రిసీవర్‌ను తికమక పెడతాయి, అదే సమయంలో ఫ్రిజ్ మోటారు ఒక విద్యుత్ పోటు వదిలితే పట్టు తప్పుతుంది.

ఖరీదైన తీగ కొనమని నేను చెప్పను. పాత డీవీడీ ప్లేయర్‌తో వచ్చిన పసుపు రంగు వీడియో తీగ ఇంట్లో ఏ అటకమీదో ఉంటుంది, అది 75 ఓములదే. అది దొరకకపోతే సీసీటీవీ బిగించేవారి దగ్గరికి వెళ్ళి ఆర్‌జీ 59 గానీ ఆర్‌జీ 6 గానీ ఒక మీటరున్నర కోయించి రెండు చివరలా ఆర్‌సీఏ పిన్నులు బిగించమనండి. కెమెరాల కోసం వారు వాడే త్రీ ప్లస్ వన్ తీగ తేవద్దు, అందులో కరెంటు వైర్లు కూడా కలిసి ఉంటాయి, మనకు వాటితో పని లేదు.

మా ఊరు సముద్రం ఒడ్డు కాబట్టి మరో మాట. ఉప్పుగాలికి ఆర్‌సీఏ పిన్నుల మీద ఆరు నెలలకే చిలుము పడుతుంది. మైపాడు వైపువారికీ ఈ బాధ ఉండే ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిచి, నాలుగు సార్లు తిప్పి తీసి పెడితే చాలు. నా దగ్గర రెండు సార్లు పాట తెగడానికి కారణం అదే.

పెన్నాతీరం (నెల్లూరు) రాశారు:

కొత్తపట్నం గాలి గారు పట్టేశారు. నేను పెట్టింది సీడీ ప్లేయర్‌తో వచ్చిన ఎరుపు తీగే. రేపు వీఆర్‌సీ సెంటర్ వైపు వెళ్ళే పని ఉంది, తీగ చేయించుకుని వస్తాను.

ఐ2ఎస్ గురించి ఎవరూ మాట్లాడలేదు. నా స్ట్రీమర్‌లో ఆ అవుట్‌పుట్ లేదు గానీ, యూఎస్‌బీని ఐ2ఎస్‌గా మార్చే చిన్న పెట్టె ఒకటి కొంటే నాణ్యత పెరుగుతుందని అమ్మకందారు ఒకరు గట్టిగా చెబుతున్నారు. ధర డాక్ ధరలో సగం ఉంది. కొనవచ్చా?

చీమకుర్తి రాయి (చీమకుర్తి) రాశారు:

ఐ2ఎస్ నేను మూడేళ్లుగా వాడుతున్నాను కాబట్టి చెప్పే హక్కు ఉందనుకుంటాను. కొనవద్దు.

ఐ2ఎస్ అనేది ఫిలిప్స్ వారు 1986లో ఒకే బోర్డు మీది చిప్‌లు పరస్పరం మాట్లాడుకోవడానికి రాసిన పద్ధతి. బిట్ గడియారం, ఎడమ కుడి గుర్తు, డేటా వేర్వేరు గీతలలో వెళతాయి. కాబట్టి ఎస్‌పీడీఐఎఫ్‌లోలాగా కలిపి పంపి, విడదీసుకునే అవసరం లేదు. దీని మంచితనం అంతా ఇంతే. అంగుళాల దూరానికి రాసిన ఆ పద్ధతిని పెట్టెల మధ్యకు తెచ్చినవారు హెచ్‌డీఎంఐ సాకెట్‌ను అరువు తెచ్చుకున్నారు. కానీ ఏ పిన్నులో ఏ సంకేతం ఉండాలన్న దానికి అందరూ ఒప్పుకున్న ప్రమాణం లేదు. పీఎస్ ఆడియో వారి అమరికను చాలామంది అనుసరిస్తారు, అందరూ కాదు. అమరిక కలవకపోతే శబ్దం రాకపోవచ్చు, ఎడమ కుడి తారుమారు కావచ్చు, బుస్సుమనే గోల రావచ్చు. నా డాక్ వెనుక చిన్న స్విచ్‌లు ఉంటే వాటి ఎనిమిది రకాల అమరికలూ మార్చి మార్చి పెట్టి, ఆరవ దానికి పాట వినగలిగాను. ఆ రోజు ఆదివారం కాబట్టి సరిపోయింది.

పైగా మీరు యూఎస్‌బీ నుంచి ఐ2ఎస్ చేసే పెట్టె కొంటే, మీ డాక్ లోపల యూఎస్‌బీ రిసీవర్ చిప్ ఇప్పటికే చేస్తున్న పనినే బయట మరో పెట్టెతో చేయించినట్లు అవుతుంది. యూఎస్‌బీ గోల మొదటి మెట్టు దగ్గరే ఉంటుంది. నేను దీనిని వాడుతున్నది నా స్ట్రీమర్, డాక్ ఒకే తయారీదారువి కావడం వల్ల, అరమీటరు తీగతో పని జరగడం వల్ల. అన్నట్లు, ఆ సాకెట్‌ను టీవీ హెచ్‌డీఎంఐకి మాత్రం ఎవరూ కలపవద్దు, ఆకారం ఒకటే గానీ లోపలి సంకేతాలు వేరు.

గూడూరు గమకం (గూడూరు) రాశారు:

అందరూ కొలతల గురించే చెబుతున్నారు, వినడం గురించి ఎవరూ చెప్పరేమి? నేను మంచి వెండిపూత యూఎస్‌బీ తీగ పెట్టిన రోజున వయొలిన్ గమకాలలో ఉన్న నునుపు కోయాక్సియల్‌లో ఎన్నడూ వినలేదు. చెవి కూడా ఒక పరికరమే. ఏఈఎస్ తీగ ఉన్నవారు దాని ముందు ఇవన్నీ దిగదుడుపే అంటారు.

ఒంగోలు శ్రోత (ఒంగోలు) రాశారు:

గూడూరు గమకం గారూ, చెవి పరికరమే, కాదనను. కానీ కళ్ళు తెరిచి ఉన్నప్పుడు అది కళ్ళు చెప్పినది కూడా కలిపి వింటుంది. నేను కూడా మోసపోయాను కాబట్టి ధైర్యంగా అంటున్నాను. ఒకసారి ఆప్టికల్ నుంచి కోయాక్సియల్‌కు మార్చాననుకుని తంబుర శ్రుతి ఎంత నిండుగా ఉందో అని మా ఇంట్లోవాళ్ళకు వివరించాను. గంట తరువాత చూస్తే డాక్ ఇంకా ఆప్టికల్ మీదే ఉంది.

పరీక్ష కష్టమైనది కాదు. రెండు తీగలనూ కలిపే ఉంచి, డాక్ తెర మీద బట్ట కప్పి, మరొకరు నాణెం ఎగరేసి ఇన్‌పుట్ మార్చాలి. వినేవారు ఏది నడుస్తోందో కాగితం మీద రాయాలి. పది సార్లు చేయాలి. ఊరికే ఊహించినా పదిలో ఎనిమిదో అంతకన్నా ఎక్కువో సరిపోయే అవకాశం వందకు అయిదున్నర వంతు ఉంది, తొమ్మిదో పదో సరిపోయే అవకాశం వందకు ఒకటి మాత్రమే. కాబట్టి తొమ్మిది వస్తే నేను తల వంచుతాను. డాక్ ఒక్కటే కనుక ధ్వని స్థాయి సమానంగానే ఉంటుంది, అయితే స్ట్రీమర్‌లో వాల్యూమ్‌ను 100 దగ్గర స్థిరంగా పెట్టడం మరిచిపోవద్దు.

ఏఈఎస్ సంగతి. అది స్టూడియోల కోసం 1985లో వెలువడిన ప్రమాణం, ఎక్స్‌ఎల్‌ఆర్ కనెక్టర్, 110 ఓముల జంట తీగ, ఎస్‌పీడీఐఎఫ్ కన్నా చాలా ఎక్కువ వోల్టు. ఆడియో మోసే తీరు మాత్రం దాదాపు అదే. వంద మీటర్ల దూరం లాగవలసినవారికి దాని విలువ తెలుస్తుంది. మన అలమారలో ఒక అరనుంచి పక్క అరకు దానివల్ల ఒరిగేది తక్కువ.

ఇప్పుడు అసలు విషయం. పెన్నాతీరం గారూ, ఆప్టికల్ పెట్టినా హమ్ మిగిలిందన్నారు. ఆప్టికల్‌లో వెళ్ళేది ఎర్రని వెలుగు. స్ట్రీమర్‌కూ డాక్‌కూ మధ్య లోహపు సంబంధమే ఉండదు. అయినా హమ్ ఉందంటే అది స్ట్రీమర్ నుంచి రావడం లేదు. మీ ఆంప్లిఫయర్‌కు ఇంకా ఏమేమి కలిపారో, ఏ పరికరం ప్లగ్‌కు రెండు పిన్నులో, దేనికి మూడో ఒక్కసారి రాయండి.

పెన్నాతీరం (నెల్లూరు) రాశారు:

ఆంప్లిఫయర్‌కు రెండు పిన్నుల ప్లగ్. డాక్, స్ట్రీమర్ రెండూ చిన్న అడాప్టర్ల మీద నడుస్తాయి, అవీ రెండు పిన్నులవే. ఆంప్లిఫయర్ మరో ఇన్‌పుట్‌కు కేబుల్ టీవీ సెట్ టాప్ బాక్స్ నుంచి ఆర్‌సీఏ తీగ వచ్చింది. ఇంట్లో క్రికెట్ పెద్ద శబ్దంతో వినాలని మా అబ్బాయి పెట్టుకున్నాడు. అది నెలకు ఒకసారి కూడా వాడం. ఇంకేమీ లేదు.

ఒంగోలు శ్రోత (ఒంగోలు) రాశారు:

దొంగ దొరికినట్లే ఉంది. సెట్ టాప్ బాక్స్ వెనుక మర తిప్పి బిగించే కేబుల్ టీవీ తీగను ఒక్క నిమిషం ఊడదీసి, హమ్ ఉందో లేదో చూడండి. అడాప్టర్లు కరెంటులోనే ఉండనివ్వండి, ఆ ఒక్క తీగ మాత్రం తీయండి.

పెన్నాతీరం (నెల్లూరు) రాశారు:

తీసిన క్షణమే హమ్ పోయింది. యూఎస్‌బీకి మార్చి విన్నాను, కీచు కూడా లేదు, వాల్యూమ్ మూడు వంతులు పెట్టి చెవి ఆనిస్తే లీలగా ఏదో ఉంది అంతే. తీగ మళ్ళీ బిగిస్తే రెండూ తిరిగి వచ్చాయి. నాలుగు సార్లు తీసి పెట్టి చూశాను, నాలుగు సార్లూ అంతే. యూఎస్‌బీ కీచుకూ కేబుల్ టీవీకీ సంబంధం ఏమిటో మాత్రం నాకు అంతుపట్టలేదు.

కందుకూరు కరెంటు (కందుకూరు) రాశారు:

నా వృత్తి వైరింగ్ కాబట్టి ఇది నేను చెబుతాను. మీ పరికరాలన్నీ రెండు పిన్నులవి, అంటే వాటిలో దేనికీ ఇంటి ఎర్తు లేదు. అడాప్టర్ల లోపల వడపోత కోసం చిన్న కెపాసిటర్ ఒకటి కరెంటు వైపు నుంచి అవుట్‌పుట్ వైపుకు ఉంటుంది. దాని గుండా అతి కొద్ది కరెంటు ఎప్పుడూ కారుతూ ఉంటుంది. ఒంటరిగా ఉన్న పరికరం రేకు మీద వేలి వెనుక భాగం మెల్లగా రాస్తే గరగరలాడినట్లు తగిలేది ఇదే. ఆ కారే కరెంటు ఏదో ఒక దారిన నేలను చేరాలని చూస్తుంది. మీ ఇంట్లో దానికి దొరికిన ఒకే ఒక దారి కేబుల్ టీవీ తీగ మీది అల్లిక. అది వీధిలో ఎక్కడో నేలను తాకుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. స్ట్రీమర్ అడాప్టర్ నుంచి కారిన కరెంటు, స్ట్రీమర్ గోలను కూడా వెంటబెట్టుకుని, యూఎస్‌బీ గ్రౌండ్ మీదుగా డాక్‌కు, డాక్ ఆర్‌సీఏ తీగ పై పొర మీదుగా ఆంప్లిఫయర్‌కు, అక్కడి నుంచి సెట్ టాప్ బాక్స్‌కు, చివరికి వీధికి వెళుతోంది. డాక్‌కూ ఆంప్లిఫయర్‌కూ మధ్య ఉన్న ఆ పై పొర మీద నడిచినది పాటతో కలిసి వినబడుతుంది. ఆప్టికల్ పెడితే స్ట్రీమర్ వాటా తెగిపోయింది కాబట్టి కీచు పోయింది. డాక్ అడాప్టర్ వాటా మిగిలింది కాబట్టి హమ్ మిగిలింది. కేబుల్ తీగ తీస్తే చేరవలసిన నేలే లేకుండా పోయింది.

ఇది చదివి మరొకరు తమ ఇంట్లో మూడు పిన్నుల ప్లగ్ మూడవ కాలు కోసేస్తారేమోనని భయం. ఆ పని ఎన్నడూ చేయకూడదు. మూడు పిన్నులతో వచ్చిన పరికరానికి రేకు మీద కరెంటు వస్తే మనిషిని కాపాడేది ఆ కాలే. హమ్‌ను సంకేతం తీగల దగ్గర తెంచాలి గానీ ఎర్తు దగ్గర కాదు. మీ ఎర్తు గుంతలో వేసవిలో నీళ్ళు పోస్తున్నారా? చీమకుర్తి వైపు రాతి నేలలో అయితే నేను ముందు అడిగేది అదే.

చీమకుర్తి రాయి (చీమకుర్తి) రాశారు:

పోస్తున్నాం. మా ఇంట్లో మామిడి చెట్టుకన్నా ముందు దానికే.

కావలి కుర్రాడు (కావలి) రాశారు:

ఎర్తు మాట వచ్చింది కాబట్టి ఒకటి. కిందటి ఏడాది కార్తీకంలో, ఈశాన్య వానల ఉరుముల రాత్రి, స్తంభాల మీదుగా మా ఇంటికి వచ్చిన ఇంటర్నెట్ లాన్ తీగ మీదుగా ఏదో పోటు వచ్చి రౌటరు, స్ట్రీమర్, డాక్ యూఎస్‌బీ ఇన్‌పుట్ మూడూ పోయాయి. డాక్‌లో మిగతా ఇన్‌పుట్లు ఇప్పటికీ పనిచేస్తున్నాయి. పైన యూఎస్‌బీకే ఓటు వేసింది నేనే అయినా, ప్రస్తుతం వాడుతున్నది పాత క్రోమ్‌కాస్ట్ ఆడియో నుంచి ఆప్టికల్‌ను. 2015లో వచ్చి 2019 జనవరికల్లా తయారీ ఆగిపోయిన ఆ చిన్న బిళ్ళలో హెడ్‌ఫోన్ రంధ్రం లోపలే ఆప్టికల్ ఉంటుంది, 24 బిట్ 96 వరకు ఇస్తుంది. పిడుగు నేరుగా పడితే ఏదీ ఆగదు గానీ, గాజు లాంటి ఆ తీగ డాక్‌కు కొంత అడ్డుగోడ.

కొత్తపట్నం గాలి (కొత్తపట్నం) రాశారు:

గాజు కాదండీ, ఎక్కువ వాటిలో ఉండేది ప్లాస్టిక్కే. అందుకే పెన్నాతీరం గారి 192 తెగిపోతోంది. తోషిబా వారు 1983లో దీనిని తెచ్చినప్పుడు దృష్టిలో ఉన్నది సీడీ నాణ్యత. ఒక మిల్లీమీటరు మందం ప్లాస్టిక్ పోగు, అందులో ఎర్ర ఎల్‌ఈడీ వెలుగు. ఎక్కువ వేగంగా ఆరి వెలిగించాలంటే పంపేవైపు, అందుకునేవైపు భాగాలు రెండూ అందుకు తగ్గవై ఉండాలి. చాలా పరికరాలలో 96 వరకు హామీ ఇస్తారు, 192 అదృష్టం. పొట్టి తీగ వాడండి, గోడ మూలలో లంబంగా మడవకండి, కొసల మీద దుమ్ము లేకుండా చూడండి. కొసలకు ఉండే చిన్న ప్లాస్టిక్ టోపీలు తీశారు కదా? నవ్వకండి, మా మేనమామ గారు టోపీలతోనే గుచ్చి, డాక్ చెడిపోయిందని తిరిగి పంపించారు.

పెన్నాతీరం (నెల్లూరు) రాశారు:

టోపీలు తీశానండి. ఈ వారం చేసినవన్నీ ఇక్కడ రాస్తున్నాను, మరొకరికి ఉపయోగపడవచ్చు.

సీసీటీవీ దుకాణంలో ఆర్‌జీ 6 తీగ మీటరున్నర చేయించాను. పెద్ద ఖర్చు కాలేదు. కుర్రవాడు "కెమెరా ఎక్కడ సార్" అని రెండుసార్లు అడిగాడు. తీగ మార్చాక కోయాక్సియల్ తెగిపోవడం బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. డాక్ మెనూలో, వచ్చే గడియారాన్ని డాక్ ఎంత వదులుగా అనుసరించాలో చెప్పే డీపీఎల్ఎల్ బ్యాండ్‌విడ్త్ అనే సెట్టింగ్ అన్నిటికన్నా తక్కువ దగ్గర ఉంది, నేనే ఎక్కడో చదివి అలా పెట్టాను. ఒంగోలు శ్రోత గారు విడిగా ఉత్తరం రాసి, అది మరీ తక్కువైతే డాక్ పరాయి గడియారం చిన్నగా ఊగినా పట్టు వదిలేస్తుందని చెప్పారు. రెండు మెట్లు పెంచాను. నాలుగు రోజులుగా ఫ్రిజ్ తన పని తాను చేసుకుంటోంది, పాట తన దారిన సాగుతోంది.

నాణెం పరీక్ష కూడా చేశాం. కేబుల్ తీగ తీసేసి, యూఎస్‌బీకీ కోయాక్సియల్‌కూ మధ్య, నేను బాగా ఎరిగిన ఒక వయొలిన్ కచేరీ రికార్డింగు మీద. మా మేనల్లుడు నాణెం ఎగరేశాడు. పదిలో ఆరు సరిగా చెప్పాను. మా ఆవిడ, ఆసక్తి లేకుండా పత్రిక చదువుకుంటూనే, ఏడు చెప్పింది. గూడూరు గమకం గారిని నొప్పించాలని కాదు, నా చెవికి మాత్రం ఇంతే తెలిసింది. అదే కేబుల్ తీగ బిగించి నిశ్శబ్దంలో అడిగితే పదికి పదీ చెప్పగలను.

గూడూరు గమకం (గూడూరు) రాశారు:

నొప్పి ఏమీ లేదండీ. ఆ నాణెం పరీక్ష నేను కూడా పెట్టుకుని వచ్చి ఇక్కడే రాస్తాను. నాణెం మాత్రం మా ఇంటిదే.

పెన్నాతీరం (నెల్లూరు) రాశారు:

తప్పక రాయండి. ఒక్క చిక్కు మిగిలింది. క్రికెట్ రోజుల్లో మా అబ్బాయికి సెట్ టాప్ బాక్స్ శబ్దం కావాలి. కేబుల్ తీగ తీసి ఉంచడం ఎన్నాళ్ళు?

కందుకూరు కరెంటు (కందుకూరు) రాశారు:

సెట్ టాప్ బాక్స్ నుంచి ఆంప్లిఫయర్‌కు వచ్చే ఆర్‌సీఏ తీగను శాశ్వతంగా తీసేయండి. బాక్స్ నుంచి టీవీకి హెచ్‌డీఎంఐ ఎలాగూ ఉంటుంది. టీవీ వెనుక ఆప్టికల్ అవుట్‌పుట్ ఉంటే దానిని డాక్ ఆప్టికల్ ఇన్‌పుట్‌కు ఇవ్వండి. మీ డాక్‌లో ఉన్న ఒక్క ఆప్టికల్ రంధ్రం స్ట్రీమర్‌కు కాక, వీధి నేలను ఇంట్లోకి తెస్తున్న టీవీకి దక్కాలి. టీవీ శబ్దం 48 కిలోహెర్ట్జ్ మించదు కాబట్టి 192 బాధ కూడా రాదు. స్ట్రీమర్‌ను యూఎస్‌బీలోనో కోయాక్సియల్‌లోనో నిశ్చింతగా ఉంచుకోవచ్చు.

పెన్నాతీరం (నెల్లూరు) రాశారు:

అలాగే కలిపాను. స్ట్రీమర్‌ను యూఎస్‌బీలో పెట్టాను. పాటలలో హమ్ లేదు, కీచు లేదు. కానీ టీవీ వైపు చూస్తే కొన్ని ఛానళ్లకు శబ్దం వస్తోంది, కొన్నింటికి డాక్ మూగగా ఉండిపోతోంది.

చీమకుర్తి రాయి (చీమకుర్తి) రాశారు:

టీవీ సౌండ్ సెట్టింగులలో డిజిటల్ అవుట్‌పుట్ ఆటో అని ఉంటుంది, దానిని పీసీఎం చేయండి. ఆ ఛానళ్లు డాల్బీలో వస్తున్నాయి, రెండు ఛానళ్ల డాక్‌కు ఆ భాష రాదు. సెట్ టాప్ బాక్స్ మెనూలో కూడా అదే మార్పు చేయవలసి రావచ్చు.

పెన్నాతీరం (నెల్లూరు) రాశారు:

రెండు చోట్లా మార్చాను. అన్ని ఛానళ్లకూ శబ్దం వస్తోంది. మా అబ్బాయి ఇప్పుడే రిమోట్ లాక్కున్నాడు.